384వ అభ్యర్థి

మా మేనమామకు నవ్వు వచ్చే ముందు దగ్గు వస్తుంది. ఫోన్లో ఆ దగ్గు వినబడిందంటే నేను చదవడం ఆపి కాసేపు ఊరుకుంటాను. దగ్గు తగ్గి నవ్వు మొదలవుతుంది, ఆ నవ్వు మళ్లీ దగ్గులోకి దిగి ఆగుతుంది. మూడేళ్లుగా ఆదివారం సాయంత్రాల్లో, రాసింది రాసినట్టు, నా నవల ఆయనకు చదివి వినిపిస్తున్నాను. మొన్నటితో ఇరవై రెండు అధ్యాయాలయ్యాయి. ఇక ఒక్కటే మిగిలింది. అది రాయడానికి కూర్చునే ముందు ఈ నవల గురించి నాలుగు మాటలు ఇక్కడ పెట్టాలనిపించింది.

నేను నిజామాబాద్ జిల్లాలో లెక్కల టీచర్ని. తల్లిగారిల్లు నల్లగొండ జిల్లా, మర్రిగూడ వైపు. ఈ రెండు జిల్లాలూ లేకపోతే ఈ నవల లేదు.

దేశ రాజకీయాల మీద హాస్య నవల రాస్తున్నానని స్టాఫ్ రూములో చెబితే అందరూ అడిగిన మాట ఒకటే: "ఎవరి మీద మేడం?" ఏ పార్టీని ఏకిపారేస్తున్నారని వాళ్ల ఉద్దేశం. నా నవల్లో నిజం పార్టీ ఒక్కటీ లేదు. ఊళ్లోవాళ్లు రెండు పక్షాలనీ "అటు కూటమి", "ఇటు కూటమి" అంటారు, అంతే. కథంతా ఒక అంకె చుట్టూ తిరుగుతుంది.

లోక్‌సభలో సీట్లు 543. ప్రభుత్వం నిలబడాలంటే 272 కావాలి. నా నవల్లో 542 సీట్ల లెక్కింపు అయిపోయేసరికి అటు కూటమికి 271, ఇటు కూటమికి 271 వస్తాయి. మిగిలిన ఒక్క నియోజకవర్గంలో పోలింగే జరగలేదు. వాయిదా పడింది. ఎందుకంటే అక్కడ 384 మంది బరిలో ఉన్నారు. వాళ్లందరి పేర్లూ పట్టే ఓటింగ్ యంత్రం దేశంలో లేదు.

384 అనే అంకె నేను ఊహించి పెట్టింది కాదు. ఒక బ్యాలెట్ యూనిట్ మీద 16 పేర్లు పడతాయి. ఎం3 రకం యంత్రానికి అలాంటి యూనిట్లు 24 వరకు తగిలించవచ్చు. 24ను 16తో గుణిస్తే 384. అందులో ఒక గడి నోటాకు పోతుంది. అంటే 383 మంది దాకా యంత్రం మోస్తుంది. ఇంకొక్క మనిషి వచ్చి నిలబడ్డాడంటే కాగితం బ్యాలెట్ అచ్చు వెయ్యాల్సిందే. నవల మొదటి సగం ఆ ఇంకొక్క మనిషి దొరికిన కథ. రెండో సగం, ఆ ఒక్క మనిషి వల్ల ఢిల్లీ అంతా పసుపు పండించే ఒక ఊళ్లోకి దిగిన కథ.

ఇది మరీ అతి కదా అన్నారు కొందరు. 1999 ఏప్రిల్ 17న లోక్‌సభలో 269కి 270 వచ్చి, ఒక్క ఓటుతో కేంద్ర ప్రభుత్వం పడిపోయింది. 1989లో అనకాపల్లి లోక్‌సభ సీటు తేలింది 9 ఓట్లతో. ఇవి జరిగిన దేశంలో 271కి 271 రావడం అతి ఎలా అవుతుంది?

అసలు ఈ కథ నా తలలో పడింది 2019 ఏప్రిల్ 11న. నిజామాబాద్ లోక్‌సభకు ఆ ఏడాది 185 మంది పోటీ చేశారు. వాళ్లలో 178 మంది రైతులు. పసుపుకి, ఎర్రజొన్నకి ధర రాక, పసుపు బోర్డు కోసం అడిగి అడిగి, ఫిబ్రవరిలో ఆర్మూర్ దగ్గర రోడ్డు మీద కూర్చుని, చివరికి నామినేషన్లు వేశారు. తలా 25,000 డిపాజిట్ కట్టి మరీ వేశారు. పసుపు తొమ్మిది నెలల పంట. తవ్వి, ఉడకబెట్టి, ఎండబోసి, పాలిష్ పట్టించి మార్కెట్‌కి తీసుకెళ్లేదాకా ఇంట్లో ఏ పనికీ చేతిలో రూపాయి ఆడదు. అలాంటివాళ్లు ఆ డబ్బు తెచ్చి, తిరిగి రాదని తెలిసీ కౌంటర్‌లో కట్టారు. యంత్రంలో పట్టకుండా పోతే కాగితం బ్యాలెట్ వస్తుందని, అప్పుడు దేశమంతా ఇటు చూస్తుందని వాళ్లు అనుకున్నారు. అప్పటిదాకా వాడుతున్న యంత్రాలకు నాలుగు యూనిట్లే తగిలేవి, 64 పేర్లే పట్టేవి కాబట్టి ఆ లెక్క సరైనదే. ఎన్నికల సంఘం ఎం3 యంత్రాలు తెప్పించింది. ఒక్కో బూత్‌లో 12 యూనిట్లు పెట్టారు.

ఆ రోజు మా బూత్‌లో నేను ఓపీఓని, అంటే పోలింగ్ సిబ్బందిలో ఒకదాన్ని. తెల్లవారకముందే యూనిట్లన్నీ వరసగా కలుపుతూ వచ్చాం. ఒకే బల్ల మీద పట్టలేదు. గోడవారగా కొన్ని, మూల తిరిగి కొన్ని పరిచాం. చేతులు పని చేస్తుంటే నా బుర్ర లెక్క కడుతూనే ఉంది. 12ను 16తో గుణిస్తే 192. అభ్యర్థులు 185, నోటాతో 186. చివరి యూనిట్ మీద ఆరు గడులు మూసి ఉన్నాయి. ఆ మూసిన ఆరు గడులకేసి చాలాసేపు చూశాను. ఇంకా ఆరుగురికి చోటుంది అనిపించింది.

మధ్యాహ్నం అవుతుండగా ఒక రైతు వచ్చాడు. సిరా పెట్టడానికి వేలు చాపితే గోళ్ల చుట్టూ పసుపు మరక ఉంది, ఎంత కడిగినా పోని మరక. లోపలికి వెళ్లాడు. బీప్ వినబడాలి, వినబడదు. ఏజెంట్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు. లోపలికి వెళ్లి చూడటానికి మాకు వీల్లేదు. పీఓ గారు, అంటే బూత్‌కి పెద్ద అయిన ప్రిసైడింగ్ ఆఫీసరు, బయటినుంచే "అయ్యిందా తాతా?" అని పిలిచారు. "ఆగు సారూ, నా పేరు ఎతుకుతున్న" అని జవాబొచ్చింది. ఆయన కూడా అభ్యర్థే! కాసేపటికి బీప్ మోగింది. ఆయన బయటికొచ్చి, పరీక్షలో పాసైన పిల్లాడిలా మావైపు చూసి, "దొరికింది" అన్నాడు.

గదిలో అందరం నవ్వాం. ఆయనా నవ్వాడు. ఆ నవ్వులో ఎవరూ ఎవరినీ చిన్నచూపు చూడలేదు. ఆ రాత్రి సామాన్లు అప్పజెప్పి రిసెప్షన్ సెంటర్ నుంచి ఇంటికొస్తుంటే బస్సులో అదే మాట చెవిలో తిరిగింది: నా పేరు ఎతుకుతున్న. నా నవల్లో మొదటి వాక్యం అదే.

ఇక నల్లగొండ సంగతి. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండలో 480 మంది నిలబడ్డారు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఉండి, ఎముకలు వంకర్లు పోయి, నడుములు వంగిపోయిన ఊళ్లవాళ్లు కృష్ణా నీళ్ల కోసం ఎవరిని అడిగినా పలకకపోతే నామినేషన్ల దారి పట్టారు. పోలింగ్ వాయిదా పడింది. అదే ఏడాది కర్ణాటకలో బెల్గాం లోక్‌సభకు 456 మంది, తమిళనాడులో మొడక్కురిచ్చి అసెంబ్లీకి 1,033 మంది నిలబడ్డారు. ఆ ఏడాది ఆగస్టుకల్లా చట్టమే మారింది. లోక్‌సభ డిపాజిట్ 500 నుంచి 10,000కు పెరిగింది. ఇండిపెండెంటుగా నిలబడాలంటే పదిమంది ఓటర్లు ప్రతిపాదించాలన్నారు. మామూలు మనిషి అడిగిన దానికి జవాబు రావడానికి ఏళ్లు పట్టింది గానీ, అడిగే దారి ఇరుకు చెయ్యడానికి నెలలు చాలాయి. ఈ ముక్క రాసేటప్పుడు ఇప్పటికీ నా చెయ్యి బిగుసుకుంటుంది.

మా మామ అప్పుడు నామినేషన్ వేస్తానన్నాడు. ఆ 500 దొరకలేదు. అమ్మమ్మ దగ్గర అడిగాడు, అంగడిలో అడిగాడు, చేబదులు ఎవరూ ఇవ్వలేదు. పక్కింటాయన వేస్తుంటే తోడు వెళ్లొచ్చాడు. అప్పటికి ఆయనకు ముప్పై అయిదేళ్లు, మెడ అప్పటికే తిరిగేది కాదు. పిలిస్తే తల తిప్పడు, మనిషంతా తిరుగుతాడు. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, కొంచెం వెనక్కి వాలి, నీళ్లు నోట్లో పోసుకుంటాడు. చిన్నప్పుడు మేమది ఆయన అలవాటు అనుకునేవాళ్లం.

ఆయనకు వినిపిస్తే గానీ ఏ అధ్యాయమూ పూర్తయినట్టు ఉండదు నాకు.

రాస్తున్నకొద్దీ నాకు బలంగా పట్టుబడిన సంగతి ఒకటుంది. ఎన్నికల హాస్యానికి కొత్తగా కల్పించాల్సింది చాలా తక్కువ. నియమాల పుస్తకం పక్కన పెట్టుకుని, ఆ నియమాన్ని చివరిదాకా పోనిస్తే చాలు. గుర్తుల అధ్యాయం అలా వచ్చిందే. ఇండిపెండెంటు మూడు గుర్తులు కోరుకోవచ్చు, ఒకే గుర్తు ఇద్దరడిగితే చీటీ తీస్తారు. స్వేచ్ఛా గుర్తుల జాబితా చూడండి ఒకసారి: బెండకాయ, పచ్చిమిరపకాయ, క్యాలీఫ్లవర్, అల్లం, చపాతీ కర్ర, టూత్ బ్రష్, పెన్ డ్రైవ్, సీసీ కెమెరా. ఇవన్నీ నిజంగా ఉన్నవే. నా నవల్లో ఒకే ఇంట్లో నలుగురు నిలబడతారు. అత్తకు గ్యాస్ సిలిండర్ వస్తుంది, కోడలికి ప్రెషర్ కుక్కర్. "నాది లేకపోతే నీది ఉడుకుతదా?" అని అత్త. "నాది పెట్టకపోతే నీది ఎందుకు?" అని కోడలు. మామగారికి అల్లం, కొడుకుకు సీసీ కెమెరా. ఆ నలుగురూ ఒకే ఆటోలో ప్రచారానికి వెళ్తారు. మైకు ఒక్కటే కాబట్టి వంతులు వేసుకుంటారు.

డిపాజిట్ అధ్యాయం నాకు అన్నిటికన్నా ఇష్టం. పోలైన చెల్లే ఓట్లలో ఆరో వంతుకు మించి రాకపోతే డిపాజిట్ పోతుంది. ఆరో వంతుకు మించి తెచ్చుకోగలిగేది ఎక్కువలో ఎక్కువ అయిదుగురే. ఆరుగురికి వస్తే మొత్తం ఓట్లను దాటిపోతుంది. కాబట్టి 384 మందిలో కనీసం 379 మంది డిపాజిట్ పోవడం ఖాయం. తలా 25,000 చొప్పున 94,75,000. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు సగమే కాబట్టి అసలు మొత్తం కొంత తగ్గుతుంది. ఇప్పుడు ఇంకో అంకె చూడండి. పెద్ద రాష్ట్రాల్లో ఒక లోక్‌సభ అభ్యర్థి చట్టప్రకారం ఖర్చు పెట్టుకోవడానికి ఉన్న పరిమితి 95 లక్షలు. అంటే ఊళ్లకు ఊళ్లు కలిసి పోగొట్టుకునేది, ఒక్క అభ్యర్థికి చట్టం ఇచ్చిన ఖర్చుతో దాదాపు సమానం! ఈ లెక్క తేలిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నవల్లో ఈ లెక్కను బడిలో పిల్లలతో బోర్డు మీద చేయించాను. ఏడో తరగతి పిల్ల చివరి గీత గీసి, "టీచర్, మరి ఆ పైసలతో మన ఊరికే ఒక మనిషిని నిలబెట్టొచ్చు గదా?" అని అడుగుతుంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి ఆ తర్వాత మూడు అధ్యాయాలు పట్టాయి.

ఛాలెంజ్ ఓటు కూడా వాడుకున్నాను. ఓటెయ్యడానికి వచ్చిన మనిషి ఫలానావాడు కాదని ఏజెంటు అభ్యంతరం చెప్పాలంటే పీఓ దగ్గర రెండు రూపాయలు కట్టాలి. 1961 నాటి నియమం ఇప్పటికీ అలాగే ఉంది. మరి 384 మంది అభ్యర్థులకు 384 మంది ఏజెంట్లు వస్తే? మా బడి గదుల్లో నలభై మంది పిల్లలు కూర్చుంటేనే ఊపిరాడదు. నవల్లో ఏజెంట్లు గదిలో పట్టక కిటికీల దగ్గర, వరండాలో, వేపచెట్టు కింద కూర్చుంటారు. ఒక్కో ఓటరు పేరు లోపల చదివితే నోళ్లు మారి మారి చెట్టుకిందికి చేరేసరికి ఆ మనిషి పేరు ఇంకోలా మారిపోతుంది. చెట్టు కిందనుంచి అభ్యంతరం, దానితోపాటు రెండు రూపాయల బిళ్ల లోపలికి తిరిగొస్తాయి.

నవ్వించే చోటు దొరకడం ఇలా సులువే. ఎవరిని చూసి నవ్వుతున్నామన్నది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. దానికి కారణం పద్నాలుగో అధ్యాయం.

అందులో రెండు కూటములవాళ్లూ డబ్బు పంచడానికి ఊళ్లోకి వస్తారు. మొదట రాసినప్పుడు ఊరంతా రోడ్డు మీదికి వచ్చినట్టు రాశాను. కవర్లు తీసుకుంటారు, లెక్కపెట్టుకుంటారు, అటువాళ్లు ఎక్కువిచ్చారని ఇటువాళ్లతో తగాదా పడతారు. ఒక తాత రెండు కవర్లూ రెండు జేబుల్లో పెట్టుకుని ఏ జేబు ఎవరిదో మర్చిపోతాడు. బాగా వచ్చిందనుకున్నాను. నలుగురు తోటి టీచర్లు చదివి పడీపడీ నవ్వారు. ఆ ఆదివారం మామకు చదివాను. దగ్గు రాలేదు. అధ్యాయం అయిపోయింది. ఫోన్ కట్టయిందేమో అనుకుని "మామా?" అన్నాను.

"ఇన్న బిడ్డా," అన్నాడు. మళ్లీ కాసేపు మాటలేదు. తర్వాత అన్నాడు: "ఇన్నొద్దులు గాళ్లను జూసి నవ్వించినవ్. గిప్పుడు మమ్ములను నవ్వులపాలు జేసినవ్."

నేను సమాధానం చెప్పలేకపోయాను. డబ్బు తీసుకునేవాళ్లు లేరా అంటే ఉన్నారు. ఎలక్షన్ డ్యూటీలో తిరిగినదాన్ని, నాకు తెలియనిది కాదు. కానీ ఆ అధ్యాయంలో పంచినవాడి మొహమే లేదు. కవరు ఎక్కడినుంచి వచ్చిందో లేదు, ఎవరు సంచీ కట్టారో లేదు, కారు ఎవరిదో లేదు. ఉన్నదల్లా చాపిన చెయ్యి. టీవీలో, సినిమాలో, వాట్సాప్‌లో ఓటరు మీద వచ్చే జోకులన్నీ ఆ చెయ్యి మీదే ఉంటాయి. బిర్యానీకి అమ్ముడుపోయాడు, సీసాకి అమ్ముడుపోయాడు అని. అవే నేనూ తెచ్చి నా ఊళ్లో పోశాను. 25,000 అప్పు తెచ్చి డిపాజిట్ కట్టిన ఊరు అది, నేనే రాసిన ఊరు. వాళ్లనే కవరు కోసం కొట్టుకునేలా చేశాను.

ఆ అధ్యాయం చింపేసి మళ్లీ రాయడానికి రెండు నెలలు పట్టింది. ఈసారి కథ పంచడానికి వచ్చినవాడి వెంట నడుస్తుంది. పాతికేళ్ల కుర్రాడు, డిగ్రీ పాసై పని దొరక్క ఈ పనికి కుదిరాడు. చేతిలో ఓటరు లిస్టు, భుజాన సంచీ. మొదటి ఇంట్లో ఒక నడివయసు ఆమె బయటికొస్తుంది. ఆ తర్వాత నవల్లో ఇలా ఉంటుంది:

"మీ ఇంట్ల ఎన్ని ఓట్లక్కా?"

"మూడు. నువ్వు ఎవలు?"

కుర్రాడు కవరు చాపాడు. ఆమె కవరు ముట్టుకోలేదు. లోపలికి వెళ్లి పొడుగాటి పుస్తకం ఒకటి, పెన్ను ఒకటి తెచ్చి అరుగు మీద పెట్టింది.

"నేను గూడ నిలబడ్డ తమ్మీ. ఖర్చు, ఆమ్దానీ అంత ఈ బుక్కుల రాయాలన్నరు. బ్యాంకుల అకౌంటు సుత దీపిచ్చిండ్రు. నువ్విచ్చేది విరాళమా? పేరు, అడ్రసు రాసి సంతకం పెట్టు. రసీదు ఇస్త."

కుర్రాడు పక్కింటికి వెళ్లాడు. పక్కింట్లోనూ పుస్తకం ఉంది.

అభ్యర్థి ప్రత్యేకంగా బ్యాంకు ఖాతా తెరవాలి, ఖర్చుల రిజిస్టరు రాయాలి అన్నది నిజమైన నియమమే. ఆ కుర్రాడు సాయంత్రందాకా తిరిగి, ఒక్క కవరూ ఖర్చు కాకుండా సంచీతో బస్టాండులో కూర్చుంటాడు. ఆ పుస్తకం ఆమె కూడా అక్కడికే వస్తుంది. సంతకం కోసం కాదు, పొద్దుట్నుంచి ఏమీ తినలేదని చూసి రొట్టె తెస్తుంది. మామకు ఇది చదివినప్పుడు "పక్కింట్లోనూ పుస్తకం ఉంది" దగ్గరే దగ్గు మొదలైంది. రొట్టె దాకా వెళ్లడానికి నాకు అయిదు నిమిషాలు పట్టింది.

నాయకుల విషయంలో కూడా అప్పటినుంచే నా చెయ్యి మారింది. నాయకుణ్ని మొద్దులా రాస్తే పాఠకుడికి హాయిగా ఉంటుంది గానీ అది అబద్ధం. అక్కడిదాకా వెళ్లినవాళ్లు మొద్దులు కారు. నా ఢిల్లీ నాయకుడు గొప్ప తెలివైనవాడు. 384 మంది పేర్లు, ఇంటి నంబర్లు, గుర్తులు ఒక్క రాత్రిలో కంఠతా పట్టేస్తాడు. తెల్లారి హెలికాప్టర్ ఎర్రజొన్న చేలో దిగుతుంది. ఒక ముసలామె ఇంటికెళ్లి, పేరు పెట్టి పిలిచి, చేతులు జోడించి ఓటడుగుతాడు. ఆమె ఆయన రెండు చేతులూ పట్టుకుని అడుగుతుంది: "నేను సుత నిలబడ్డ బిడ్డా. నీ ఓటు నాకేస్తవా?" ఆయన నవ్వి, "నా ఓటు ఢిల్లీలో ఉంది అమ్మా" అంటాడు. "మరి మా ఊరికెందుకొచ్చినవ్?" అంటుంది ఆమె. అంత జ్ఞాపకశక్తి, అంత తెలివి ఉన్న మనిషికి ఆ ఒక్క ప్రశ్నకు జవాబు ఉండదు. ఆ తెలివంతా మంచినీళ్ల మీద, గిట్టుబాటు ధర మీద పెట్టి ఉంటే ఆయన ఆ చేలో దిగాల్సిన అవసరమే రాకపోను.

ఒక ప్రచురణకర్త సగం చదివి, నిజం నాయకుల్ని పోల్చుకునేలా రాయమన్నారు. యాస, పంచెకట్టు, ఊతపదం అలాంటివి. అమ్ముడుపోతుందన్నారు. నేను ఒప్పుకోలేదు. ఒక మనిషి యాసను ఎక్కిరిస్తే ఆ మనిషి పదవి దిగిన రోజున పుస్తకం చచ్చిపోతుంది. రెండు రూపాయల బిళ్ల, ఆరో వంతు, 16 గడులు అలా కావు. పార్టీ ఏదైనా అవి అక్కడే ఉంటాయి.

నిజామాబాద్‌లో పసుపు బోర్డు 2025 జనవరిలో మొదలైంది. నవల్లో ఆ ఊరు అడిగినవి ఏమవుతాయన్నది నేను రాయడం లేదు. ఓట్ల లెక్కింపు కూడా రాయడం లేదు. చివరి అధ్యాయం పోలింగ్ రోజు సాయంత్రంతో ఆగుతుంది. ఆ సాయంత్రం ఎలా ఉండాలో నాకు 2024 మే 13న తెలిసింది.

ఆ రోజు నేను పీఓని. ఆరు గంటలయ్యేసరికి క్యూలో ఇంకా జనం ఉన్నారు. సమయం అయిపోయినా అప్పటికి వరసలో ఉన్న ప్రతివాళ్లకూ ఓటు హక్కు ఉంటుంది. తర్వాత వచ్చినవాళ్లు దూరకుండా పీఓ సంతకం చేసిన చీటీలు పంచాలి. ఆ చీటీలు క్యూ ముందునుంచి పంచకూడదు. తోక దగ్గర మొదలుపెట్టి ముందుకి రావాలి. అంటే అందరికన్నా చివర నిలబడ్డ మనిషి చేతిలో ఒకటో నంబరు చీటీ పడుతుంది. శిక్షణలో చాలాసార్లు విన్న మాటే. చీటీలు పట్టుకుని నేనే బయటికి నడిచి, ఆ పొడుగు వరస దాటుకుంటూ గేటు దగ్గరికి వెళ్లాను. చివర ఒక అవ్వ ఉంది. ఉపాధి పనికి పోయి వచ్చిందేమో, కొంగు ఇంకా నడుముకు చుట్టే ఉంది, కాళ్లకు ఎండిన మట్టి. నేను దగ్గరికి రావడం చూసి, వెళ్లిపొమ్మని చెప్పడానికి వస్తున్నాననుకుంది. "ఇప్పుడే వచ్చిన బిడ్డా, జర ఆలిశమైంది" అని కళ్లలో నీళ్లు పెట్టుకుంది. చీటీ ఆమె చేతిలో పెట్టాను. ఆమె దాన్ని మడిచి, కొంగు చివర ముడి వేసుకుంది.

నవల్లో కాగితం బ్యాలెట్. 384 పేర్లున్న కాగితం, పెళ్లి బంతిలో బల్లల మీద పరిచే కాగితం చుట్టలా ఉంటుంది. దాన్ని ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా మడవాలి. ఢిల్లీలో రెండు కూటములూ టీవీల ముందు కూర్చుని ఉంటాయి. లోపల ఒకాయన తన పేరు వెతుక్కుంటూ ఉంటాడు. గేటు దగ్గర క్యూ చివర ఈ అవ్వ నిలబడుతుంది. ఈ అధ్యాయం ఎలా రాయబోతున్నానో మొన్న ఆదివారం మామకు నోటితో చెప్పాను. చీటీలు తోకనుంచి పంచుతారన్న సంగతి ఆయనకు తెలియదు.

"గా ముసలమ్మకు ఎన్నో నంబరొచ్చింది?" అని అడిగాడు.

"ఒకటి, మామా."

అటువైపు కాసేపు ఏమీ వినబడలేదు. తర్వాత దగ్గు మొదలైంది.